చెరువు అడుగున వీధి

ప్లానింగ్ బోర్డులో చేరమని మా టౌన్‌షిప్ మేయరు అడిగిన రోజు నేను కిరాణా కొట్టు బయట కారులో సంచులు సర్దుకుంటున్నాను. అప్పటికి నేను రిటైరై నాలుగు నెలలయింది. రాష్ట్ర రహదారుల శాఖలో ఇరవై ఆరేళ్ళపాటు నా పని ఒక్కటే, రోడ్డు కిందనుంచి వాననీళ్ళు ఎలా పోవాలో లెక్క కట్టడం. ఎంత వాన పడితే ఎంత నీరు దిగుతుంది, దానికి ఎంత వెడల్పు కల్వర్టు కావాలి, అది చాలకపోతే ఆ నీళ్ళు ఎవరి పెరట్లోకి పోతాయి. ఊళ్ళో కట్టడాలకి అనుమతులిచ్చే బోర్డుకి అలాంటి అనుభవం ఉన్న మనిషి అవసరమని మేయరు అన్నాడు. బోర్డులో మనలాంటి ముఖం ఒక్కటీ లేదని, బడి బస్సు దిగే పిల్లల్లో చాలామంది ఇప్పుడు మనవాళ్ళేనని అతను అనలేదు. అనకపోయినా నాకు అర్థమయింది. ఒప్పుకున్నాను.

మేము న్యూజెర్సీలోని ఈ ఊరికి వచ్చేనాటికి పెద్ద రోడ్డుకి అటువైపంతా మొక్కజొన్న చేలే. కందిపప్పు కావాలంటే ఇండియన్ కొట్లున్న ఐసెలిన్ దాకా డ్రైవ్ చేసేవాళ్ళం. ఊరికి రెండువందల ఏళ్ళ పైబడిన చరిత్ర ఉందని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఉద్యోగం, పిల్ల, ఇల్లు, వీటితోనే రోజు గడిచిపోయేది. ఆ చరిత్ర నాకు పరిచయమయింది లైబ్రరీలో ఒకావిడ వల్ల.

మొదటిసారి లైబ్రరీ కార్డు కోసం వెళ్ళినప్పుడు నా దగ్గర అడ్రసు రుజువు లేదు. కరెంటు బిల్లు, ఫోను బిల్లు అన్నీ మా ఆయన పేరు మీదే ఉన్నాయి. కౌంటరు వెనకనున్న అమ్మాయి కుదరదంది. మా పాప అప్పటికే రెండు బొమ్మల పుస్తకాలు గుండెకి హత్తుకుని నిలబడింది. లోపలి గదిలోంచి పొడుగాటి మనిషి ఒకావిడ వచ్చి, ఏ వీధిలో ఉంటున్నారని నన్ను అడిగింది. చెప్పాను. మీ ఇల్లున్న చోట ఒకప్పుడు ఆపిల్ తోట ఉండేది, పెరటి మూల ఇంకా ఒక ముసలి చెట్టు ఉండాలే అంది. ఉందన్నాను. అదే రుజువు అని చెప్పి, ఫారం మీద సాక్షిగా తనే సంతకం పెట్టింది.

ఆవిడ లైబ్రేరియన్. ఊరి చరిత్రకి జీతంలేని కాపలాదారు కూడా. ఊరి పాత కాగితాలన్నీ పెట్టెల్లో పెట్టి, తన ఇంటి కిందనుండే బేస్‌మెంట్‌లో దాచేది. ప్రతి మే నెలలో ఒక శనివారం పొద్దున, వచ్చిన పదిమందిని వెంటేసుకుని ఊరంతా నడిపించేది. కారు రిపేరు షాపు వెనక పొదల్లో పడి ఉన్న పెద్ద రాళ్ళని చూపించి, ఇది పాత మిల్లు ఆనకట్ట అనేది. ఆ ఆనకట్ట వెనక ఒకప్పుడు చెరువు ఉండేదట. చలికాలంలో ఆ చెరువు గడ్డకడితే మగవాళ్ళు గుర్రాలతో, రంపాలతో దిగి మంచుని పలకలుగా కోసి, రంపంపొట్టులో కప్పి, ఎండాకాలం నగరానికి అమ్మేవారట. దానికి ఒక ఫోటో ఉండేది ఆవిడ దగ్గర. ఫోటోలోని గుర్రం మీద వేలు పెట్టి, ఈ గుర్రం నిలబడ్డ చోటే మా వంటిల్లు అని చెప్పేది.

అందులో అతిశయోక్తి లేదు. మిల్లు కాలిపోయాక ఆనకట్ట పగలగొట్టారు. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ఇళ్ళు చాలనప్పుడు ఎండిన చెరువులో మట్టి పోసి చదును చేసి, రెండు వరసల్లో చిన్నచిన్న ఇళ్ళు కట్టారు. మూడో ఇల్లు వాళ్ళ నాన్నది. ఆవిడ చిన్నపిల్లగా అక్కడికి వచ్చి, అక్కడే పెరిగింది, పెళ్ళి చేసుకోకుండా అక్కడే ఉండిపోయింది. వీధి వెనకే వాగు. వానాకాలం బేస్‌మెంట్‌లోకి చెమ్మ రావడం వాళ్ళకి మామూలే.

ఆ నడకలోనే ఒకసారి ఆవిడకి మా నాన్న గురించి చెప్పాను. మా నాన్న ఇరిగేషన్‌లో ఓవర్సియరు. చెరువు నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే నేలని మా వైపు శిఖం అంటారు. శిఖంలో ఎవరైనా గుడిసె వేస్తే ఆయన సైకిలు దిగి, తిట్టి మరీ పీకించేవారు. ఎండినా అది చెరువేనని ఆయన వాదన. ఆవిడ ఆగిపోయి, ఆ మాట మళ్ళీ అనమని అడిగి, చిన్న నోట్‌బుక్కులో రాసుకుంది. శిఖం. రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. మీ దగ్గర దీనికి ఒక మాట ఉంది, మాకు మాటే లేదు, అందుకే కట్టేశాం అంది.

నేను బోర్డులో చేరిన ఏడో ఏట మనవాళ్ళ హాలు దరఖాస్తు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా మనవాళ్ళు ఉగాదికీ, పిల్లల ఆరంగేట్రాలకీ స్కూలు ఆడిటోరియాలు అద్దెకి తీసుకుని, టైమయిపోయిందని వాచ్‌మన్ దీపాలార్పుతుంటే అరటాకుల కట్టలు మోసుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. సొంత హాలు ఉండాలన్న కోరిక వాళ్ళకి ఎంత బలంగా ఉందో నాకు తెలుసు. వాగుకి ఎగువన, మూతపడిన మొక్కల నర్సరీ స్థలం కొన్నారు. హాలు, వంటగది, మూడువందల కార్లు పట్టే పార్కింగ్ లాట్. నేను ఆ తెలుగు సంఘంలో మెంబరుని కాను. అందుకే బోర్డు లాయరు అడిగినప్పుడు నాకు ఏ సంబంధమూ లేదని చెప్పాను. కాగితం మీద అది నిజమే. బోర్డు చైర్మన్ ఇల్లు ఆ స్థలం పక్కనే కావడంతో అతను తప్పుకోవలసి వచ్చింది. వైస్ చైర్‌గా ఉన్న నేను ఆ హియరింగ్ నడిపించాను.

టౌన్‌హాల్ సరిపోదని స్కూలు కెఫెటేరియాలో పెట్టారు. మూడు విడతలు జరిగింది. మొదటి విడతలో ట్రాఫిక్ అన్నారు, పెళ్ళి బాజాలన్నారు. తర్వాత వంటల వాసన అన్నారు. ఒకాయన లేచి, అక్కడ జంతువుల్ని బలి ఇస్తారా అని అడిగాడు. నిజంగానే అడిగాడు, ఎగతాళికి కాదు. అడిగేటప్పుడు దరఖాస్తుదారుల వైపు కాకుండా నావైపు చూశాడు. నేను ముఖం కదల్చకుండా, ప్రశ్న స్థల వినియోగానికి సంబంధించినదై ఉండాలి అన్నాను. ఇంటికెళ్ళాక చీర కూడా మార్చుకోకుండా సోఫాలో కూర్చుండిపోయాను. ఏమయిందని మా ఆయన అడిగితే ఏమీ లేదన్నాను.

రెండో విడతకీ మూడో విడతకీ మధ్య ఒక గృహప్రవేశంలో హాలు కమిటీ ప్రెసిడెంటు కనిపించాడు. పెద్దాయన, రిటైరైన గుండె డాక్టరు, ఈ ఊళ్ళో స్థిరపడ్డ మొదటి తెలుగువాళ్ళలో ఒకడు. దరఖాస్తుదారులు బోర్డు మెంబర్లతో బయట మాట్లాడకూడదు. అది ఆయనకీ తెలుసు. ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

"ఏమ్మా, నేనేం అడగట్లేదు. రూల్స్ నాకూ తెలుసు. వాళ్ళు మనల్ని ఎలా ట్రీట్ చేస్తున్నారో నువ్వు చూస్తున్నావు కదా. అదొక్కటి గుర్తుపెట్టుకో, చాలు" అన్నాడు.

గుర్తుపెట్టుకున్నాను. అంతకుమించి ఆయన అడగవలసిన అవసరం కూడా లేకపోయింది.

మూడో విడతలో లైబ్రరీ ఆవిడ వచ్చింది. అప్పటికి ఎనభై దాటింది. చేతికర్ర, చంకలో చుట్టిన మ్యాపు, కవర్లో ఆ ఫోటో. ఆవిడకి ముందు ముగ్గురు మాట్లాడారు. ముగ్గురివీ అవే మాటలు, మసాలా వాసన, మన ఊరి స్వభావం. ఒక్కొక్కరికి మూడు నిమిషాల గడువు. గడువు దాటినవాళ్ళని నేను నిర్దాక్షిణ్యంగా కూర్చోబెట్టాను. ఆవిడ మైకు దగ్గరికి రావడానికే కొంత సమయం పట్టింది. మ్యాపు విప్పుతుంటే మూలలు చుట్టుకుపోతున్నాయి. హాలు వద్దని నేననను అంటూ మొదలుపెట్టింది. నర్సరీ నేల స్పాంజిలాంటిదని, ఎగువన అంత నేలని తారుతో కప్పేస్తే వాగు ఆ నీళ్ళని తట్టుకోలేదని, తమ వీధి చెరువు అడుగున ఉందని చెప్పుకొచ్చింది. నీళ్ళు పట్టి ఉంచే గుంట ఇప్పుడున్న ప్లానుకంటే బాగా పెద్దది కావాలంది. అప్పుడే టైమరు మోగింది.

"ఇంకో రెండు నిమిషాలు ఇవ్వండి. ఫోటో చూపించలేదు" అంది.

"రూలు అందరికీ ఒకటేనండి" అన్నాను.

అందరికీ ఒకటే అన్నది నిజమే. వాసనల గురించి మాట్లాడినవాళ్ళని ఆపి ఈవిడకి సమయమిస్తే, తెలిసినవాళ్ళని చూసుకుంటోందని అంటారు. ఇది నేను తర్వాత నాకు చెప్పుకున్న కారణం. ఆ క్షణంలో నాకనిపించింది వేరు. ఈవిడ కూడానా అనుకున్నాను. వాళ్ళది వాసన, ఈవిడది నీళ్ళు, అందరికీ కావలసింది మనం ఉండకూడదనే అనుకున్నాను. మూడు విడతలుగా విన్న మాటలన్నీ నా చెవుల్లో పేరుకుని, ఆవిడ చెబుతున్నది లోపలికి పోకుండా అడ్డం పడ్డాయి.

ఆవిడ మ్యాపు చుట్టుకుంటూ తలెత్తింది. "మీకు తెలుసు. దానికి మీ భాషలో మాట ఉందని నాకు చెప్పింది మీరే" అంది.

థాంక్యూ చెప్పి తర్వాతివాళ్ళని పిలిచాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. హాలు తరఫు ఇంజినీరు, చురుకైన కుర్రాడు, గుంట లెక్కలు పాత వాన పట్టికల మీద కట్టాడు. కొత్త పట్టికలు అప్పటికే వచ్చేశాయి, వాటిలో వానలు పెద్దవి. కాని కొత్త నిబంధన అమల్లోకి రాకముందే దరఖాస్తు వేశారు గనక పాతవి వాడుకోవడం చట్టప్రకారం తప్పు కాదు. పేజీ తిప్పగానే ఆ సంగతి నా కంటపడింది. ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. అనుమతి ఉందని జవాబిచ్చాడు. కొత్త లెక్క ప్రకారం గుంట పెంచాలని నేను షరతు పెట్టించగలిగేదాన్ని. అప్పుడు కొంత పార్కింగ్ పోతుంది, ప్లాను మళ్ళీ గీయాలి, ఇంకో రెండు విడతలు హియరింగ్ నడవాలి, ఇంకో రెండు రోజులు జంతువుల ప్రశ్నలు వినాలి. నేను ఫైలు మూసేశాను. ఓటింగ్‌లో అందరూ సరేనన్నారు. నేనూ సరేనన్నాను.

మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టవద్దని వారించాను. బయట పార్కింగ్‌లో ఆడవాళ్ళు వచ్చి కౌగిలించుకున్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ భుజాల మీదుగా చూస్తే, ఆవిడ కర్రా మ్యాపూ రెండూ పట్టుకోలేక, మ్యాపుని కారు మీద పెట్టి తలుపు తీసుకుంటోంది. వెళ్ళి సాయం చేయలేదు.

తర్వాత రెండేళ్ళు మే నెల నడకకి వెళ్ళలేదు. కొట్లో ఎదురుపడితే చేతులూపుకునేవాళ్ళం. హాలు లేచింది, బాగుంది. ప్రారంభోత్సవానికి నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

సెప్టెంబరు మొదట్లో ఒక తుఫాను దక్షిణాదిన తీరం దాటి, బలం తగ్గి, మా మీదుగా పోతుందన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన మొదలయింది. మా పెరట్లో వాన కొలిచే గొట్టం ఒకటి ఉంది, ఉద్యోగపు అలవాటు. అది అంచుదాకా నిండితే గొడుగు వేసుకెళ్ళి వంపి వచ్చాను. తిరిగి చూసేసరికి మళ్ళీ నిండుతోంది. లెక్క చేయడానికి కాగితం అక్కర్లేకపోయింది. ఎగువన ఆ గుంట ఏ క్షణాన పొర్లుతుందో నాకు తెలుసు.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ నంబరు అందులో ఉంది. రెండేళ్ళ తర్వాత ఫోను చేసి ఏం చెప్పాలి? మీరు చెప్పింది జరగబోతోంది అని చెప్పాలా? ఆవిడకి చేయకుండా టౌన్‌షిప్ ఆఫీసుకి చేసి, వాగు వీధికి మనుషుల్ని పంపమన్నాను. ట్రక్కు పంపామని, వంతెన మీదుగా నీళ్ళు పారుతుంటే అది ఇవతలే ఆగిపోయిందని అక్కడి మనిషి చెప్పాడు. నేను కారు తాళాలు తీసుకున్నాను. మా ఆయన తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"మనం వెళ్ళి ఇరుక్కుంటే మనల్ని తీయడానికి ఇంకొకళ్ళు రావాలి. కూర్చో" అన్నాడు.

ఆయన అన్నదీ సబబే. కూర్చున్నాను. కాని కూర్చుని ఫోను చేయవచ్చు కదా. చేయలేదు. నేల మీదున్న పెట్టెల కోసం కిందికి దిగవద్దండి, బేస్‌మెంట్ గోడలు ఆగవు అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఈ ఊళ్ళో ఆ సంగతి అంత కచ్చితంగా తెలిసినవాళ్ళు ఎక్కువమంది లేరు. సాయంత్రానికి వాన వెలిసి ఎండ వచ్చింది.

డాక్టరుగారు హాలు తలుపులు తెరిపించాడు. వాగు వీధివాళ్ళని పడవల్లో తెచ్చి అక్కడికే చేర్చారు. మనవాళ్ళు ఇళ్ళనుంచి దుప్పట్లు, పరుపులు మోసుకొచ్చారు. వంటగదిలో పెద్ద గిన్నెలతో ఉప్మా, పులిహోర చేశారు. నేనూ వడ్డించాను. తడిసిన బట్టలమీద మన దుప్పట్లు కప్పుకుని, హియరింగ్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్ళే చాలామంది ప్లాస్టిక్ చెంచాలతో తింటున్నారు. బలుల గురించి అడిగినాయన కూడా ఉన్నాడు. ప్లేటు చేత్తో పట్టుకోలేక వణుకుతుంటే నేనే పట్టుకున్నాను. నా మొహం గుర్తుపట్టాడో లేదో తెలియదు.

ఒక్కొక్క వరసా చూసుకుంటూ వెళ్ళాను. ఆవిడ లేదు. పక్కింటి ముసలాయన గోడకానుకుని ఉన్నాడు. నీళ్ళు వీధిలోకి రాగానే ఆవిడే వచ్చి తలుపు కొట్టి, తననీ తన భార్యనీ బయటికి పంపించిందని చెప్పాడు. మీరూ రండంటే, ఇంకో రెండు పెట్టెలు పైకి తెచ్చి వస్తానందట.

మర్నాడు పొద్దున నీళ్ళు తీశాక ఫైర్‌వాళ్ళకి ఆవిడ శరీరం కనిపించింది. బేస్‌మెంట్ గోడ లోపలికి పడిపోయింది. ఇలా ఎందుకవుతుందో నాకు తెలుసు. బయట నేల నీళ్ళు పీల్చి బరువెక్కి గోడని నెడుతుంది. లోపల ఖాళీ. బోలు ఇటుకల గోడ కొంతసేపు ఓర్చుకుని, ఒక్కసారిగా విరిగిపోతుంది. లోపలున్నవాళ్ళకి మెట్లెక్కే సమయం ఉండదు. ఆవిడ వంటింటి బల్లమీద నాలుగు పెట్టెలు, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, వరసగా ఉన్నాయట.

హాల్లో డాక్టరుగారు ఆ మధ్యాహ్నం నా దగ్గరికొచ్చాడు. రాత్రంతా నిద్రలేని మొహం.

"చూశావామ్మా, హాలు ఎంత యూజ్ అయిందో. వద్దన్నవాళ్ళకే నీడయింది" అన్నాడు.

"డాక్టరుగారూ, మన గుంట పొర్లింది. చూశారా?"

"అది యాక్ట్ ఆఫ్ గాడ్. ఎవరేం చేస్తారు?"

ఆయన అబద్ధమాడటం లేదు. అలా నమ్ముతున్నాడు. నేను గిన్నెలు కడగడానికి వెళ్ళాను.

చర్చిలో అంత్యక్రియలకి ఒహాయో నుంచి ఆవిడ మేనల్లుడు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, స్కూలు బస్సు నడుపుతాడట. అందరూ వెళ్ళిపోతుండగా నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీటింగులో మా మేనత్తని ఆపింది మీరేనా?"

"అవును."

"ఫోనులో చెప్పింది నాకు. కోపంగా ఏమీ చెప్పలేదు. మీరు మంచి ఇంజినీరని, అన్నాళ్ళూ అలాంటి మాటలు విని విని అలిసిపోయి ఉంటారని చెప్పింది. మిమ్మల్ని కలిస్తే ఈ సంగతి చెప్పాలనుకున్నాను."

ఆవిడ నన్ను తిట్టిందని చెప్పి ఉంటే దాన్ని మోయడం ఇంతకంటే తేలిక. అతను నా చేయి పట్టుకుని ఊపి వెళ్ళాడు.

పెట్టెలు లైబ్రరీకిచ్చాడు. కొత్తగా కట్టిన లైబ్రరీలో కాగితాలకి చోటు లేదు. ఎవరైనా కొన్నాళ్ళు దాస్తారా అని వాళ్ళు అడిగితే నేను తెచ్చుకున్నాను. బురదలోంచి తీసిన రెండు పెట్టెల్లో కాగితాలు ముద్దయిపోయాయి. బూజు పట్టకుండా తడి కాగితాల్ని గడ్డకట్టించాలని చదివి, కట్టలు కట్టలుగా కవర్లలో పెట్టి మా ఫ్రీజర్‌లో సర్దాను. కరివేపాకు, కొబ్బరికోరు తీసి పక్కింట్లో ఇచ్చేశాను. వారానికొక కట్ట బయటికి తీసి, ఆరబెట్టి, విడదీస్తూ వచ్చాను.

అందులో చెరువు పూడ్చిన ఏడాది టౌన్‌షిప్ కమిటీ మినిట్స్ ఉన్నాయి. ఒక ఇంజినీరు రాసిన ఉత్తరం కూడా ఉంది. పూడ్చిన నేల కుంగుతుందని, పెద్ద వానకి వాగు తన పాత చోటుకే వస్తుందని, అక్కడ నివాసాలు తగవని అందులో రాశాడు. ఉత్తరం చదివి వినిపించారని, తర్వాత ఓటు వేశారని మినిట్స్‌లో ఉంది. సరేనన్న ఐదుగురిలో ఒకరు ఆవిడ నాన్న. ఆ పేరు పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు. ఆవిడ చేతిదే. అన్ని మే నెలల నడకల్లో ఎన్నడూ ఈ సంగతి చెప్పలేదు. ఇల్లెందుకు వదల్లేదో, ఆ మ్యాపు పట్టుకుని మైకు దగ్గరికి ఎందుకొచ్చిందో అడగడానికి ఇప్పుడు మనిషి లేదు.

టౌన్‌షిప్ బయటివాళ్ళతో ఒక రిపోర్టు రాయించింది. వాన అసాధారణమని, ఎగువనున్న ఏ ఒక్క కట్టడం వల్ల ఎంత నీరు వచ్చిందో విడదీసి చెప్పలేమని తేల్చారు. నేను మా భోజనాల బల్ల మీద విడదీసి చూశాను. గుంట కొత్త లెక్క ప్రకారం ఉంటే ఆ వీధిలో నీటిమట్టం జానెడు తగ్గేది. జానెడే. ఆ జానెడు తగ్గితే గోడ నిలిచేదా? చెప్పలేను. ఇంకో పావుగంట ఆగేదేమో. పావుగంటలో ఆవిడ పెట్టెలు పైకి చేర్చేసేదేమో. అలాంటి లెక్కలు నేను ఎన్నిసార్లు వేసినా తేలలేదు.

మా హియరింగ్ మినిట్స్ తీసి చూశాను. ఆవిడ మాట్లాడిందంతా ఒక్క వాక్యం: వరద గురించి ఒక నివాసి ఆందోళన వ్యక్తం చేశారు. దాన్ని సరిచేయమని సెక్రటరీని అడిగాను. ఆమోదించిన మినిట్స్ మార్చడం కుదరదంది. ఆమోదించిన చేతుల్లో నాదీ ఒకటి. దావాలు రావచ్చు గనక ఈ విషయం ఎక్కడా మాట్లాడవద్దని బోర్డు లాయరు ఫోను చేసి హెచ్చరించాడు.

తర్వాతి మీటింగులో, ప్రజలు మాట్లాడే సమయం వచ్చినప్పుడు, నేను వేదిక దిగి మైకు దగ్గర నిలబడ్డాను. పట్టికల సంగతి నేను గమనించానని, షరతు పెట్టగలిగీ పెట్టలేదని, ఆవిడని మధ్యలో ఆపానని, ఆవిడ చెప్పింది సరైనదని చెప్పాను. ఆవిడ మాటలు గుర్తున్నంతవరకు మళ్ళీ చెప్పాను, ఈసారైనా కాగితం మీదికి ఎక్కుతాయని. టైమరు మోగకముందే అయిపోయింది. రాజీనామా కాగితం సెక్రటరీ బల్లమీద పెట్టి ఇంటికొచ్చాను.

మనసు తేలికపడుతుందనుకున్నాను. రెండు రోజుల్లో ఊరి ఆన్‌లైన్ పేజీలో నా మాటలు కత్తిరించి పెట్టారు. వాళ్ళ ఇంజినీరే ఒప్పుకుంది చూడండి, వీళ్ళు వచ్చి మన మనిషిని చంపారు అని రాశారు. కింద వందల వ్యాఖ్యలు. హాలు గోడ మీద ఎవరో రంగుతో ఏదో రాస్తే, ఆదివారం తెలుగు బడికొచ్చే పిల్లలు చూడకముందే నలుగురు తల్లులు వెళ్ళి కడిగారు. ఇరవై ఏళ్ళుగా నాకు అక్కలాంటి మనిషి ఫోను చేసి, "కొట్టడానికి వాళ్ళ చేతికి కర్రిచ్చావు" అని చెప్పి పెట్టేసింది. తర్వాత మాట్లాడలేదు. నేను చెప్పినదాంట్లో తప్పు లేదని మా ఆయన అన్నాడు. కాసేపాగి, అయినా ఆమె అన్నదీ నిజమే అన్నాడు.

వాగు వీధి ఇళ్ళని ప్రభుత్వం కొని ఒక్కొక్కటే కూల్చింది. కొందరు పక్క కౌంటీలకి, కొందరు పెన్సిల్వేనియాకి వెళ్ళారు. పక్కింటి ముసలాయన వెళ్ళిన మూడు నెలలకే పోయాడని విన్నాను. ఆ మే నెలలో నడక జరగలేదు. నడిపించమని లైబ్రరీవాళ్ళు నన్ను అడిగారు. నా వల్ల కాదన్నాను.

ఈ వసంతంలో ఒకరోజు హాలు వైపు వెళుతుంటే ఎగువ పార్కింగ్ సగం తవ్వి ఉంది. కమిటీవాళ్ళు ఎవరికీ చెప్పకుండా, ఎవరూ ఆదేశించకుండా, గుంటని పెద్దది చేయిస్తున్నారు. కారాపి దిగాను. డాక్టరుగారు చలికోటు వేసుకుని ఒక్కడే కంచె దగ్గర నిలబడి యంత్రాన్ని చూస్తున్నాడు. నేను మైకు ముందు మాట్లాడిన రోజునుంచి ఆయన నాతో మాట్లాడలేదు. అప్పుడూ నావైపు తిరగలేదు.

"ఈ లోతు సరిపోతుందా?" అని అడిగాడు.

ఎంత తవ్వారో కళ్ళతో కొలుచుకున్నాను.

"ఇప్పటి వానలకి సరిపోతుంది. ముందుముందు సంగతి చెప్పలేనండి" అన్నాను.

ఆయన తలాడించాడు. తర్వాత ఆయన కారు దగ్గరికి నడిచాడు. చాలా నెమ్మదిగా నడుస్తున్నాడు. నేను ముందు వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాను. ఆయన ఎక్కి కూర్చున్నాడు.